అనవగాహన ఘటన

పాఠం పిల్లలకి అర్థమైందో లేదో పసిగట్టే యంత్రం ఒకటి చేయించాలని విద్యాశాఖ పెద్దలకి బుద్ధి పుట్టింది. కృత్రిమ మేధ వచ్చిందన్నారు. అది బొమ్మలు గీస్తోందట, పెళ్ళిపత్రికలు రాస్తోందట, జాతకాలు కూడా చూస్తోందట. అంత తెలివైనదానికి నాలుగో తరగతి పిల్లల బుర్రలోకి తొంగిచూడడం ఓ లెక్కా అనుకున్నారు. యంత్రం తయారుచేసే కుర్రాళ్ళు వచ్చి, ల్యాప్‌టాప్‌లు తెరుచుకుని కూర్చుని, మర్యాదగా ఒక్కటే ప్రశ్న వేశారు.

“పిల్లాడికి అర్థమైందని మీకెలా తెలుస్తుందండీ? అది చెప్పండి, దీనికి నేర్పేస్తాం.”

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళంతా ఒకప్పుడు బడిపంతుళ్ళే. సుద్దముక్క వదిలిపెట్టి కుర్చీ ఎక్కినవాళ్ళు. తాము పాఠాలు చెప్పిన రోజుల్లో ఏం చేసేవారో గుర్తు తెచ్చుకుని, దాపరికం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పేశారు. పాఠం అయ్యాక ‘అర్థమైందా’ అని అడుగుతాం, పిల్లలంతా ఒక్క గొంతుతో ‘అర్థమైంది’ అంటారు, అంటే అర్థమైనట్టే.

కుర్రాళ్ళకి ఇంత సులువని తెలీదు. సంతోషంగా వెళ్ళి అదే నేర్పారు. బోలెడన్ని తరగతి గదుల్లోని ‘అర్థమైంది’లన్నీ పోగేసి దానికి వినిపించారు. పిల్లలంతా గట్టిగా, కలిసికట్టుగా, తడుముకోకుండా ఆ మాట అంటే నూటికి నూరు అవగాహన. ఒకరిద్దరు నసిగితే తొంభై. ఎవరైనా నోరు మెదపకపోతే ఆ మేరకు కోత. యంత్రానికి ‘బోధశ్రవణి’ అని పేరు పెట్టి, సబ్బుపెట్టె అంత డబ్బాలో బిగించి, బడికొకటి చొప్పున గోడలకి కొట్టించారు.

ఆ డబ్బా గెడ్డవలస ప్రాథమిక పాఠశాలకి కూడా వచ్చింది. అక్కడ ఉన్నది ఇద్దరే ఉపాధ్యాయులు. ఒకటి, రెండు తరగతులు హైమావతి టీచరుగారివి. మిగతా మూడు తరగతులూ, ప్రధానోపాధ్యాయుడి కుర్చీ, బోరింగు పంపు మరమ్మతూ ముఖలింగం మాస్టారివి. పొద్దున్న తలుపు తాళం తీయగానే ఆయన తన మొహాన్ని ఫోనుకి చూపించాలి. తర్వాత పిల్లల మొహాలు చూపించాలి. ఆపైన మరుగుదొడ్డి మొహం, వంటగది మొహం, ఉడికిన గుడ్ల మొహాలు చూపించాలి. ఇన్ని మొహాలూ పైకి ఎక్కించాక ఏమైనా పొద్దు మిగిలితే పాఠం చెప్పుకోవచ్చు. ఆ మిగిలిన పొద్దు కోసమే మాస్టారు ఉద్యోగంలో ఉన్నారు. పాఠం చెప్పడం ఆయనకి ఇష్టం. ఈ రోజుల్లో చెప్పుకోదగ్గ లోపమే అది.

డబ్బా బిగించే ముందు మండల కేంద్రంలో ఉపాధ్యాయులందరికీ శిక్షణ పెట్టారు. మండల విద్యాధికారి త్రినాథరావు గారు మైకు ముందు నిలబడ్డారు. ఆయన మంచి మనిషే. పైవాళ్ళు చెప్పింది కిందివాళ్ళకి చెప్పడం తప్ప ఎవరికీ ఏ అపకారమూ చేసి ఎరగరు.

“క్షేత్రస్థాయిలో అవగాహనను శబ్దపూర్వకంగా, పారదర్శకంగా, రియల్ టైములో నమోదు చేయడమే ఈ కార్యక్రమం యొక్క ప్రధానోద్దేశం,” అన్నారాయన. “ఇకమీదట ఏ బిడ్డకి ఏ క్షణంలో ఎంత అర్థమైందో రాజధానిలో డ్యాష్‌బోర్డు మీద కనబడుతుంది. మీరు చేయవలసిందల్లా తరచుగా ‘అర్థమైందా’ అని అడగడమే.”

ముఖలింగం మాస్టారు లేచారు. “అర్థం కాకపోయినా అయిందనే పిల్లలుంటారు కదండీ. వాళ్ళ సంగతి?”

త్రినాథరావు గారు ట్యాబులో పైకీ కిందికీ వెతికారు. “ఆ కేటగిరీ డ్యాష్‌బోర్డులో లేదు మాస్టారూ,” అని జాలిగా చెప్పి, హాలు మొత్తాన్ని ఉద్దేశించి అడిగారు. “అందరికీ అర్థమైందా?”

“అర్థమైందండీ,” అన్నారు ఉపాధ్యాయులందరూ ఒక్క గొంతుతో. బల్ల మీది డబ్బా తియ్యటి ఆడగొంతుతో, “ధన్యవాదాలు. నూరు శాతం అవగాహన నమోదైంది,” అంది. చప్పట్లు మోగాయి. తర్వాత పులిహోర పెట్టారు.

గెడ్డవలస బడిలో నాలుగో తరగతి చదివే యామిని అనే పిల్ల ఉంది. వాళ్ళమ్మ కాంతమ్మ జీడిపిక్కలు కొట్టే కార్ఖానాలో పనిచేస్తుంది. ఆ జీడికి చేతివేళ్ళు నల్లబడి పొక్కిపోయి ఉంటాయి. కూతురి చేతులు అలా కాకూడదన్నదొక్కటే ఆవిడ పట్టుదల. యామినిది చురుకైన బుర్రేమీ కాదు, మొద్దూ కాదు. దానికున్నదల్లా ఒక్క గుణం. అర్థం కాకపోతే కాలేదంటుంది. భయపడదు, సిగ్గుపడదు, పక్కవాళ్ళ వైపు చూడదు.

ముప్పయ్యేళ్ళకి దగ్గరపడిన సర్వీసులో మాస్టారికి అలాంటి పిల్లలు పట్టుమని నలుగురైదుగురు దొరికారేమో. తక్కినవాళ్ళంతా మంచి పిల్లలు, అంటే ‘అర్థమైందా’ అనగానే అయిందనేవాళ్ళు. వాళ్ళకి ఏం తెలీదో ఆయనకి పరీక్షల్లోగానీ తెలిసేది కాదు. యామిని ఉండడం వల్ల తరగతి మొత్తానికి ఏం తెలీదో అప్పటికప్పుడు తెలిసిపోయేది. ఆ పిల్లంటే ఆయనకి ప్రాణం. ఆ మాట ఎవరితోనూ అనలేదుగానీ, బడికి అది రాని రోజున పాఠం చెప్పబుద్ధయ్యేది కాదు.

డబ్బా బిగించిన వారంలోనే భిన్నాలు మొదలుపెట్టారు. నల్లబల్ల మీద చక్రాలు గీశారు, గీతలు కొట్టారు, మూడో వంతు కన్నా నాలుగో వంతు చిన్నదని చెప్పారు. రూలు ప్రకారం అడిగారు.

“అర్థమైందా?”

“అర్థమైంది మాస్టారూ,” అని గది దద్దరిల్లింది. ఆ దద్దరిల్లుడు సద్దుమణిగాక మూడో వరసలోంచి ఒక గొంతు తీరిగ్గా వచ్చింది.

“నాకు అర్థం కానేదు మాస్టారూ.”

“ఏటి అర్థం కాలేదమ్మా?”

“మూడు కన్నా నాలుగు పెద్దది గదా. మరి నాలుగో వంతు చిన్నదెలా అవుద్ది?”

మాస్టారి మొహం వెలిగిపోయింది. ఈ ప్రశ్న కోసం ఆయన ఏటేటా ఎదురుచూస్తారు. చాలా ఏళ్ళు రానే రాదు. వంటగదిలోకి వెళ్ళి, పిల్లలకి పంచగా మిగిలిన వేరుశనగ చిక్కీలు రెండు తెచ్చారు. ఒకదాన్ని మూడు ముక్కలు చేశారు, రెండోదాన్ని నాలుగు ముక్కలు. “ఈ కుప్పలోంచి ఒక ముక్క తీసుకుంటావా, ఆ కుప్పలోంచి తీసుకుంటావా?” అని అడిగారు. యామిని ముక్కల వంక చూసింది, మాస్టారి వంక చూసింది, మూడు ముక్కల కుప్పలోంచి పెద్ద ముక్క తీసి నోట్లో వేసుకుంది. “ఎక్కువ మందికి పంచితే తక్కువొస్తాది,” అంది నములుతూ. వెనక వరసల్లోంచి ‘ఓ, అదా’ అని ఐదారు గొంతులు వినబడ్డాయి. ఇందాక అర్థమైందన్న గొంతులే అవి.

అప్పుడు గోడ మీది డబ్బా నోరు విప్పింది. “క్షమించండి. అనవగాహన ఘటన గుర్తించబడింది. పై అధికారులకు తెలియజేయబడుతోంది.”

మర్నాడే జీపు వచ్చింది. అందులోంచి త్రినాథరావు గారు, ఆయన వెనక మండల అవగాహన పరిరక్షణ బృందం అనబడే ఇద్దరు గుమాస్తాలూ దిగారు. ముందుగా ఘటనా స్థలం చూపించమన్నారు. మాస్టారు మూడో వరసలో బల్ల చూపించారు. బల్లని పిల్లతో ఒక ఫోటో, పిల్ల లేకుండా ఒక ఫోటో తీశారు. బల్లకీ డబ్బాకీ మధ్య దూరం కొలిచారు. ఆ తర్వాత త్రినాథరావు గారు కుర్చీ వేయించుకుని యామినిని ఎదురుగా నిలబెట్టారు.

“పాపా, ఆ మాట నీ అంతట నువ్వే అన్నావా, ఎవరైనా అనిపించారా?”

“నేనే అన్నాను సారూ.”

“ఇంతకు ముందు కూడా అన్నావా?”

“ఆఁ. భాగారాలప్పుడూ అన్నాను. అర్థం కాకపోతే అడగమని మా మాస్టారే సెప్పారు.”

త్రినాథరావు గారు మెల్లిగా మాస్టారి వైపు తిరిగారు. “అంటే ఇది ఆకస్మికం కాదు. ప్రోత్సాహం ఉంది,” అన్నారు. గుమాస్తా ఆ మాట కింద గీత కొట్టుకున్నాడు.

“ఇప్పుడు ఆ పిల్లకి అర్థమైందండీ,” అన్నారు మాస్టారు. “కావాలంటే లెక్క ఇచ్చి చూడండి. తరగతిలో ఎవరికిచ్చినా చేస్తారు.”

“ఇప్పుడు అర్థమైతే ఏం లాభం మాస్టారూ? ఘటన జరిగిపోయింది.” ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. “మండలానికి ఇన్నాళ్ళూ ఒక్క మచ్చ లేదు. గెడ్డ అవతల జోగారావు గారి బడి చూడండి, మొదటి రోజు నుంచీ నూరు శాతం. మీరు రెడ్ జోనులోకి వెళ్ళారు. మూడు ఘటనలు నమోదైతే మీ బడిని జోగారావు గారి బడిలో విలీనం చేయమని ఉత్తర్వు ఉంది. నా చేతుల్లో ఏమీ లేదు.”

జోగారావు గారి బడికి పోవాలంటే గెడ్డ వాగు దాటి, లారీలు పరుగెత్తే పెద్ద రోడ్డు దాటాలి. ఒకటో తరగతి పిల్లలు ఆ రోడ్డు దాటడం ఎలా ఉంటుందో ఊహించుకుని హైమావతి టీచరుగారు కళ్ళొత్తుకున్నారు. అది కూడా డ్యాష్‌బోర్డులో లేదు.

ఇక జోగారావు గారి సంగతి. ఆయన బతకనేర్చినవాడు. డబ్బాకి కావాల్సింది పాఠం కాదని మొదటి పూటే కనిపెట్టాడు. గుడ్ల ఫోటోలతో, బూట్ల కొలతలతో సతమతమవుతూ మధ్యమధ్య తల ఎత్తి ‘అర్థమైందా’ అనేవాడు, పిల్లలు అయిందనేవారు. కొన్నాళ్ళకి అదీ శ్రమనిపించి పిల్లల కేకని సెల్‌ఫోనులో రికార్డు చేసుకున్నాడు. తుఫానుకి బళ్ళు మూసేసిన రోజున కూడా గొడుగు వేసుకుని వెళ్ళి డబ్బాకి అది వినిపించి వచ్చాడు. ఆ రోజు మండలంలో నూరు శాతం వచ్చింది ఆయనకొక్కడికే. ఖాళీ గదిలో అంత అవగాహన ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. దానికి ‘దూరస్థ అవగాహన’ అని పేరు పెట్టి శాలువా కప్పారు.

యంత్రం ఊరికే వినడమే కాదు, విన్నదాన్ని విశ్లేషిస్తుంది కూడా. నెల తిరక్కుండానే ఒక నివేదిక ఇచ్చింది. పాఠం జరిగిన పీరియడ్లలో అవగాహన తగ్గుతోంది, పాఠం జరగని పీరియడ్లలో పెరుగుతోంది. ఎంత ఎక్కువ చెబితే అంత ఎక్కువమంది నసుగుతున్నారు. అందుచేత పిల్లల అవగాహనని దెబ్బతీస్తున్న ప్రధాన కారణం బోధన అని తేల్చింది. మనిషెవడైనా ఈ మాట అంటే పిచ్చాసుపత్రికి పంపేవారు. యంత్రం అంది కాబట్టి ఉత్తర్వు వేశారు.

ఆ ఉత్తర్వు ముఖలింగం మాస్టారు ఫోనులో మూడుసార్లు చదువుకున్నారు. ‘డేటా వెలుగులో బోధనను హేతుబద్ధీకరించవలసి యున్నది. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పీరియడు ఒక్కింటికి బోధన ఐదు నిమిషములకు మించరాదు. శేష సమయమును అవగాహన అభ్యాసమునకు వినియోగింపవలెను. అత్యవసర పరిస్థితులలో బోధించిన యెడల కారణములు తెలుపవలెను.’

అవగాహన అభ్యాసమంటే మరేమీ కాదు. మాస్టారు ‘అర్థమైందా’ అనాలి. పిల్లలు ‘అర్థమైంది’ అనాలి. మళ్ళీ మాస్టారు, మళ్ళీ పిల్లలు. మొదట్లో పిల్లలకి సరదాగా ఉండేది. తర్వాత్తర్వాత బల్లల మీద తల వాల్చి, కళ్ళు మూసుకునే అనేవారు. డబ్బాకి కళ్ళు లేవు కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. రెండో తరగతి పిల్లవాడొకడు ఇంట్లో అన్నం తింటావా అని తల్లి అడిగితే ‘అర్థమైంది’ అన్నాడని హైమావతి టీచరుగారు చెప్పారు.

మాస్టారు ఒక ఉపాయం చేశారు. “నీకు అర్థం కాకపోతే దగ్గరికొచ్చి నా చెవిలో చెప్పమ్మా, నేనూ చెవిలోనే చెబుతాను,” అని యామినితో అన్నారు. పాపం, డబ్బాకి గుసగుసలు బాగా వినబడతాయని ఆయనకి తెలీదు. తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం గురించి ఆయన పిల్ల చెవిలో రెండు ముక్కలు చెప్పారో లేదో, “అనధికార బోధన గుర్తించబడింది,” అంది డబ్బా. అది రెండో ఘటన కింద జమైంది.

ఈసారి యామినిని జిల్లా కేంద్రంలో పెట్టిన శిబిరానికి తీసుకురమ్మన్నారు. ఆ పిల్లకి చెవుడుందేమో పరీక్షించాలిట. కాంతమ్మ పని మానుకుని పిల్లని తీసుకెళ్ళింది. పొద్దున్నించీ వరసలో నిలబెట్టి, చెవుల్లో ఏవో పెట్టి, గంటలు వినిపించి, కాగితం చేతికిచ్చారు. ‘చెవులు రెండునూ సక్రమముగా పనిచేయుచున్నవి. కావున లోపము ఉద్దేశపూర్వకము’ అని ఉంది అందులో. మళ్ళీ శిబిరం పెట్టినప్పుడల్లా రావాలన్నారు.

మర్నాడు కాంతమ్మ బడి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

“మా గుంటకేటైనా తేడా ఉందా బాబూ?” అని అడిగింది. “ఊళ్ళో అందరూ అదే అంటన్నారు. దాని పేరు గవర్నమెంటోల్ల కంప్యూటర్లో ఎక్కిపోనాదట గదా.”

“తేడా ఏమీ లేదమ్మా. ఈ బడిలో సరిగ్గా ఉన్న పిల్ల అదొక్కతే.”

“మీరలాగే అంటారు బాబూ, మీకది ముద్దు.” ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. “నేను మాటిమాటికీ పని మానేస్తే సేటు ఊరుకోడు. ఇంకో మనిషిని ఎట్టేసుకుంటాడు. అప్పుడు దీన్ని కూడా నాతోటి పిక్కల్లోకి లాక్కుపోవాల. దాని సేతులు కూడా ఇలాగే అయిపోతాయి. అడగొద్దని మీరు దానికి సెప్పండి. మీ మాటైతే ఇంటాది.”

మాస్టారు ఆవిడ చేతులు చూశారు. ఆ పిల్లని అడగొద్దని చెప్పడం తన చేత కాదు. చెప్పకపోతే తల్లి పని పోతుంది, పిల్ల చదువు పోతుంది. ఆయనకి ఎవరి మీద కోప్పడాలో తెలీలేదు. గోడ మీది డబ్బా మీద కోపం తెచ్చుకుంటే అది ‘ధన్యవాదాలు’ అంటుంది. ఆయన చెప్పకపోయినా కాంతమ్మ ఇంట్లో తనే చెప్పుకున్నట్టుంది, ఆ తర్వాత రోజుల్లో మూడో వరసలోంచి ఏ గొంతూ విడిగా వినబడలేదు. ఆ పిల్ల తలొంచుకుని కూర్చునేది. గుంపులో దాని గొంతు కలుస్తోందో లేదో మాస్టారికి పోల్చుకోవడం చేతకాలేదు.

బడి శాతాలు పెరిగాయి. ఎంత పెరిగాయంటే, రెడ్ జోనులోంచి ఇంత తొందరగా బయటపడ్డ బడి ఇదొక్కటేనని డ్యాష్‌బోర్డు గుర్తించింది. రాజధాని నుంచి అవగాహన సలహాదారు సంయుక్త మేడమ్ స్వయంగా చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. త్రినాథరావు గారు బడి గోడలకి సున్నం వేయించారు.

మాస్టారు ఆ రాకలో ఒక దారి చూసుకున్నారు. పెద్దావిడ ముందు ఐదు నిమిషాల పాఠం చెప్పే వీలుంది. ఆ ఐదు నిమిషాల్లో పచ్చి అబద్ధం ఒకటి చెబితే, పిల్లలంతా అర్థమైందని అరుస్తారు. కానీ యామిని ఉంది కదా. ఆ పిల్ల ఎన్నాళ్ళు తలొంచుకున్నా అబద్ధాన్ని మాత్రం మింగదు. లేచి నిలబడి, అదెలా అవుద్ది మాస్టారూ అంటుంది. అప్పుడీ వెర్రి వ్యవహారమంతా అందరి కళ్ళ ముందే బట్టబయలవుతుంది. ఆ తర్వాత తన ఉద్యోగం ఏమైనా ఫరవాలేదనుకున్నారు. కాంతమ్మ సంగతి తనే చూసుకుంటానని మనసులో మొక్కుకున్నంత పని చేశారు.

సంయుక్త మేడమ్ వచ్చారు. నల్లకళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని, ముందు వరసలో కూర్చుని, చేతిలో ట్యాబు తెరిచారు. డబ్బా పచ్చగా వెలిగింది. మాస్టారు సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశారు. గంటకి నలభై నిమిషాలు.

“పిల్లలూ, ఒక గంట అంటే నలభై నిమిషాలు. రెండు గంటలంటే ఎనభై నిమిషాలు,” అన్నారు ఆయన, ప్రతి మాటా విడదీసి. గోడ గడియారం దించి చేత్తో పట్టుకుని, ముల్లు ఒక చుట్టు తిప్పి మరీ చూపించారు. “అర్థమైందా?”

“అర్థమైంది మాస్టారూ.”

“ధన్యవాదాలు,” అంది డబ్బా. సంయుక్త మేడమ్ ట్యాబులో అంకె పైకెక్కడం చూస్తూ తల ఊపారు. నలభై నిమిషాలన్న మాట త్రినాథరావు గారి చెవిన పడకపోలేదు. గంటల విషయంలో కొత్త ఉత్తర్వేదైనా వచ్చిందేమో, తన దాకా ఇంకా రాలేదేమో అని కంగారుపడి, ఎందుకైనా మంచిదని ఆయనా తల ఊపారు.

మాస్టారు మూడో వరస దగ్గరికి నడిచారు. “యామినీ, నువ్వు చెప్పమ్మా. గంటకి నలభై నిమిషాలు. నీకు అర్థమైందా?”

ఆ పిల్ల లేచి నిలబడింది. నల్లబల్ల వంక చూసింది, మాస్టారి చేతిలోని గడియారం వంక చూసింది, ఆయన కళ్ళలోకి చూసింది.

“అర్థమైంది మాస్టారూ,” అంది, అందరూ అనే రాగంలోనే.

“ధన్యవాదాలు. నూరు శాతం అవగాహన నమోదైంది.”

సంయుక్త మేడమ్ చప్పట్లు కొట్టారు, కాబట్టి అందరూ కొట్టారు. “దట్స్ ఇట్,” అన్నారు ఆవిడ. “ఒకప్పుడు ఇన్సిడెంట్లకి కారణమైన చైల్డే ఈ రోజు ఇండివిడ్యువల్‌గా కన్ఫర్మ్ చేసింది. ఇది ట్రాన్స్‌ఫర్మేషన్. ఈ పాఠశాలని రాష్ట్ర నమూనాగా ప్రకటిస్తున్నాం. విలీనం రద్దు. మాస్టారూ, ఒక్క చిన్న ఫార్మాలిటీ. ఇప్పటినుంచి ఉపాధ్యాయుల అవగాహన కూడా కొలుస్తున్నాం. సాయంత్రం బడి మూసేలోపు డబ్బా ముందు నిలబడి ‘ఈ పథకం నాకు అర్థమైంది’ అని మీ గొంతుతో చెప్పండి. చెప్పకపోతే సిస్టం మీ బడిని మూడో ఘటన కింద తీసుకుంటుంది. అప్పుడు రద్దుని రద్దు చేయాల్సి వస్తుంది.”

“చెబుతారు మేడమ్, చెప్పకేం,” అన్నారు త్రినాథరావు గారు. కార్లు ధూళి లేపుకుంటూ వెళ్ళిపోయాయి.

మాస్టారు ఇంకా చెప్పలేదు. సాయంత్రం గంట కొట్టి పిల్లల్ని పంపేశాక కూడా గది లోపలికి వెళ్ళబుద్ధి కాక, వరండా మెట్ల మీద కూర్చుండిపోయారు. ఎప్పుడూ లేనిది ఆయనకి ఆ పిల్ల మీద కోపం వచ్చింది. అంతలోనే ఆ కోపానికి సిగ్గేసింది. యామిని బోరింగు పంపు దగ్గర నీళ్ళు తాగి, సంచి భుజాన వేసుకుని ఆయన ముందు నుంచే వెళ్తోంది.

“ఇలా రామ్మా,” అన్నారు. “ఇందాక నేను తప్పు చెప్పాను. గంటకి అరవై నిమిషాలు.”

“నాకు తెలుసు మాస్టారూ.”

“తెలుసా?”

“ఆఁ. అరవై. మీరే మూడో తరగతిలో సెప్పారు.”

“మరి అర్థమైందని ఎందుకన్నావు తల్లీ?”

యామిని కాలి బొటనవేలితో మట్టిని గీసింది. “కానేదంటే మా అమ్మ పని మానీసి ఆల్ల ఆఫీసుకి రావాల గదా,” అంది. “మీకూ తిట్లొస్తాయి. అయిందనేస్తే ఎవ్వులూ ఏటీ అడగరు.”

మాస్టారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని మొహం పక్కకి తిప్పుకున్నారుగానీ ఆ పిల్ల చూడనే చూసింది. దగ్గరికొచ్చి, లోపల పచ్చగా వెలుగుతున్న డబ్బాకి వినబడకూడదనుకుని, ఆయన నేర్పినట్టే చెవి దగ్గర నోరు పెట్టింది.

“మీరు కూడా అనేయండి మాస్టారూ,” అంది నెమ్మదిగా. “మొదటి రెండు సార్లూ కొంచెం ఇదిగా ఉంటాది. తరవాత ఏటీ అనిపించదు.”

తొమ్మిదేళ్ళ పిల్ల ఆయనకి ధైర్యం చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది.